బొజ్జకు ఎముక ఉంది, కుచ్చిళ్లకు లేదు

మామది గద్వాల. జాకార్డు మగ్గాలకు గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీయడం ఆయన వృత్తి. అల్లుడిది కొల్లాపూర్. డిగ్రీ చదువుతూ రాత్రిళ్లు ‘జీటీఏ శాన్ ఆండ్రియాస్’ అనే వీడియో గేములో మనుషులను మారుస్తుంటాడు. ఆ గేము 2004లో వచ్చింది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది కాబట్టి ఇంకా బతికే ఉంది. అందులో కథానాయకుడు సీజే అనే అమెరికా కుర్రాడు. వాణ్ని తీసేసి పాలమూరు పాటల్లోని పండుగ సాయన్నను నిలబెట్టాలని అల్లుడి పట్టుదల. మామిడిపండ్ల కాలంలో అక్క ఇంటికి వచ్చిన మామ ఆ తెర చూశాడు. ఇద్దరూ గళ్లలో రంగులు నింపి బతికేవాళ్లే. మాట అంత వాడిగా సాగడానికి అదే కారణమనుకుంటాను.

మామ: ఏందిరా అల్లుడా, గొంగడి కప్పుకున్న మనిషి కారు నడుపుతుండు?

అల్లుడు: సాయన్న మామా. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టినోడు. మన లింగాల దిక్కు అవుసలికుంట మొగిలయ్య తాత పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడుతడు గద, 2022ల పద్మశ్రీ వచ్చింది. ఆ పాట విన్నప్పటి నుంచి మనసుల ఉండె.

మామ: పాట వింటే గేము చెయ్యాల్నా?

అల్లుడు: గేము నేను చెయ్యలే. ఉన్న గేముల మనిషిని మార్చిన. దీన్ని మోడ్ అంటరు. ఆటల తిరిగే ఒక్కో మనిషికి రెండు ఫైళ్లుంటయి. డీఎఫ్ఎఫ్ అనేది ఆకారం, లోపల ఎముకలతో సహా. టీఎక్స్‌డీ అనేది మీదికెళ్లి కప్పే చర్మం, బట్ట, రంగు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ల ఆకారం చేసి, ఎముకలకు తగిలించి, చర్మం గీసి, పాత ఫైళ్లున్న కాడ పెడితే అయిపాయె. సీజే ఒక్కడే తిప్పలు పెట్టిండు. వాని తలకాయ, అంగీ, లాగు అన్నీ వేరువేరు ఫైళ్లు, ఆటల దుకాణానికి పోయి బట్టలు మార్చుకుంటడు కాబట్టి.

మామ: ఆగు, ఆపు దాన్ని. దగ్గరికి జరుపు. ఆ మొఖం మా నాయినది గాదురా?

అల్లుడు: తాతదే.

మామ: ఎవల్ని అడిగినవు?

అల్లుడు: అమ్మను. సాయన్నది ఫోటో ఎక్కడుంటది మామా? సినిమా హీరో మొఖం అతికించుడు నాకు ఇష్టం లేదు, అది అందరు చేసేదే. అమ్మ పెట్టెల తాత ఫోటో ఉండె. ఎదురుగ తీసినది ఒక్కటే, పక్కనుంచి తీసినది లేదు. అందుకే ముక్కు ఎత్తు, దవడ అంచనాకు చేసిన.

మామ: ముక్కు తప్పు చేసినవు. అది తర్వాత మాట్లాడుకుందాం. ఇందాక వాడు కిందపడితే తెర మీద ఏదో ఇంగ్లీషుల వచ్చింది, ఏంది?

అల్లుడు: ‘వేస్టెడ్’ అని వస్తది. పాణం పోయినట్టు. కొంచెంసేపటికి ఆసుపత్రి ముంగట మళ్ల లేస్తడు.

మామ: మా నాయిన ఒక్కసారే పోయిండు. నువ్వు దినాం ఎన్నిసార్లు సంపుతున్నవురా?

అల్లుడికి నవ్వొచ్చింది కాని ఆపుకున్నాడు. మామ నవ్వలేదు.

మామ: ఇంకో మాట. నేను వచ్చి మంచం మీద కూసొని ఎంతోసేపు చూసిన. అది నాయిన మొఖమని నువ్వు బొమ్మను ఆపేదాక పోల్చుకోలే. ఎందుకో ఎరుకనా? ఆయన అట్ల నడవడు. గుంట మగ్గంల కాళ్లు దింపి బతుకంత కూసున్న మనిషి. లేస్తే నడుము ముందుకు వంగి ఉండేది, మోకాళ్లు పూరాగ సాగకపోయేటివి. పావులు తొక్కినట్టే అడుగు తీసి అడుగేస్తుండె. వీడు భుజాలు ఊపుకుంట, కొట్లాటకు పోయినట్టు పోతుండు. మొఖం మా నాయినది, ఒళ్లు ఎవనిదో.

అల్లుడు: ఒళ్లు సీజేదే. ఎముకలు గేమువి, నడక గేముది. నడక, పరుగు, దెబ్బ తినుడు, కూలవడుడు, ఇవన్నీ పెడ్ ఐఎఫ్‌పీ అనే ఫైలుల ఉంటయి. దాన్ని నేను ముట్టలే. ముసలోళ్ల నడక కూడ అండ్ల వేరే ఉంది. పెట్టి చూసిన.

మామ: మరి?

అల్లుడు: అది అమెరికా ముసలోని నడక.

మామ: ఆ సంగతి చెప్పు! నేను ఇందాకటి నుంచి మొత్తుకునేది అదే. మీది తోలు మార్చినవు. లోపల మనిషి వాళ్ల మనిషే. దాన్ని పాలమూరు అంటున్నవు.

అల్లుడు: తోలు మార్చుడు అంత తక్కువ పని కాదు మామా. ఒక్క దోతి కట్టనీకి నాకు ఎన్ని రాత్రులు పట్టినయో చూడు. శరీరం మీద ఉన్న ఒక్కో బిందువు ఏ ఎముక మాట వినాలెనో మనమే చెప్పాలె. నాలుగు ఎముకల దాక చెప్పొచ్చు. మోకాలు కాడి బిందువైతే తొడ ఎముకకు సగం, పిక్క ఎముకకు సగం. లాగు అయితే ఎడమ కాలు ఎడమకే, కుడి కాలు కుడికే, లెక్క తేలిక. దోతి కుచ్చిళ్లు రెండు కాళ్ల నడుమ ఏలాడుతయి గద. అవి ఏ కాలు మాట వినాలె? రెంటికీ సగం సగం ఇస్తే అడుగు తీసినప్పుడల్ల రబ్బరు లెక్క సాగుతయి. నడుముకు ఇస్తే కాళ్లు కుచ్చిళ్లల్లకెళ్లి బయటికి పొడుచుకొస్తయి.

మామ: కుచ్చిళ్లకు వేరే ఎముక లేదా?

అల్లుడు: లేదు. దవడకు ఉంది, కనుబొమ్మలకు ఉంది. బొజ్జకు కూడ ఉంది, సీజే ఎక్కువ తింటే లావైతడు, అందుకు. కుచ్చిళ్లకు లేదు.

మామ: బొజ్జకు ఇచ్చి కుచ్చిళ్లకు ఇయ్యలేదా! చేసినోనికి దోతి సంగతే గుర్తుకు రాలేదన్నట్టు.

అల్లుడు: వాళ్ల ఊరి ఆట వాళ్లు చేసుకున్నరు, తప్పేముంది? నేను ఉపాయం పట్టిన. సాయన్నకు గోచి పెట్టిన దోతి కట్టిన, కాళ్లు వేరువేరైనయి. బజార్ల తిరిగే ముసలమ్మలకు గూడ గోచి చీర కట్టిన. మా నాయనమ్మ కట్టినట్టు. లాగు ఎముకల మీద గోచి చీర సక్కగ కూసుంటది. వయసు పిల్లల చీరలే కుదురలే. వాళ్లను అందుకే బజాజ్ స్కూటర్ల మీద కూసోబెట్టిన, నడవకుంట.

ఈ ఉపాయం మామకు నచ్చిందని నాకు అనుమానం. గోచి చీర సంగతి రెండుసార్లు అడిగి మళ్లీ చూపించుకున్నాడు. నచ్చిన వెంటనే ఇంకో తగువు తీశాడు, వృత్తిలో ముదిరినవాళ్లకు అదో అలవాటు.

మామ: ఆ ముసలమ్మ చీర అంచు మా అంచే. కోటకొమ్మ.

అల్లుడు: గద్వాల చీరే. అమ్మ చీరను ఎండల పరిచి ఫోనుతో తీసిన. నీడ పడకుండ, వంకర లేకుండ నిలువుగ తీయాలె. తర్వాత ఒక్క కొమ్మ కత్తిరించి, కుడి చివర ఎడమ చివరకు అతుకు కనపడకుండ కలిపితే చాలు. ఆ ముక్కనే గేము అంచు పొడుగునా తిప్పి తిప్పి వేస్తది.

మామ: జాకార్డు గూడ అంతే, ఒక్క కొమ్మకు అట్టలు గుద్దితే చీరంత వస్తది. మరి ఇదేంది, మసక మసకగ?

అల్లుడు: ఆ గేముల మనిషి చర్మం సాధారణంగ 256 గళ్ల చదరం. ఎక్కువ పెట్టొచ్చు, 512, 1024, గని పాత కంప్యూటర్ ఊపిరాడక ఆగుతది.

మామ: నా జాకార్డుకు 240 హుక్కులు. ఒక్క అంచుకే 240 పోగులు ఎగిరి దిగుతయి. నువ్వు మొఖం, కాళ్లు, చేతులు, రైక, చీర అన్నీ కలిపి 256 గళ్లల్ల ఇరికిస్తవా?

అల్లుడు: ఇరికించాలె. అదే పనితనం.

మామ: ఒప్పుకుంట. మరి రంగు సంగతి? ఎర్ర ఒంటికి పచ్చ అంచు. రెండు కలిసే కాడ గోధుమ రంగు గీత వచ్చింది సూడు. మా నేతగాడు అట్ల నేస్తే చీర వాపసు పంపుతరు. ఒంటి నూలు, అంచు పట్టు, రెంటినీ నేతల కలిపే కాడనే గద్వాల పేరు నిలబడ్డది.

అల్లుడు: అది నా తప్పు కాదు, డీఎక్స్‌టీ అని ఒక కుదింపు పద్ధతి. నాలుగు గళ్లు అడ్డం, నాలుగు నిలువు, మొత్తం 16 గళ్లకు కలిపి రెండే అసలు రంగులు దాచుకుంటది. వాటి నడుమ ఇంకో రెండు అదే కలుపుకుంటది. ఎరుపుకు, పచ్చకు నడుమ ఏమొస్తది?

మామ: బురద.

అల్లుడు: అదే వచ్చింది. కుదించకుండ దాస్తే సక్కగొస్తది, ఫైలు ఉబ్బుతది. లేదంటే రంగు మారే గీత సరిగ్గ నాలుగు గళ్ల హద్దు మీద పడేటట్టు అంచును జరపాలె. నిన్న రాత్రి జరిపిన, ఇదిగో ఈ చీర చూడు.

మామ: ... పోయింది గీత. మంచిగ చేసినవు. గని నూలుకు, పట్టుకు తేడా లేదు. రెండూ ఒక్కతీరుగనే మెరుస్తున్నయి.

అల్లుడు: ఈ గేము ముసలిది మామా. చీరకు నేను రంగు ఒక్కటే చెప్పగలుగుత. కొత్త గేములల్ల ఒక్కో గడికి అది ఎంత గరుకు, ఎంత లోహం, ఎటు వంగి ఉంది, ఇవన్నీ వేరువేరు బొమ్మలుగ ఇయ్యొచ్చు. అప్పుడు ఒంటి మీద వెలుగు చెదిరిపోతది, అంచు మీద మెరుస్తది, జరీ ఇత్తడి లెక్క తళుక్కుమంటది. గద్వాల చీర కంటె మంచి పరీక్ష దానికి దొరకదు. ఒక్క గుడ్డల మూడు రకాల వెలుగు.

మామ: అది చేసి చూపియ్, అప్పుడు ఒప్పుకుంట. ఇప్పుడు అసలు సంగతికి వస్త. మొన్న నీ సాయన్నను ఎవడో యూట్యూబ్‌ల పెట్టి తనదని చెప్పుకున్నడని మీ అమ్మ కాడ లొల్లి చేసినవంట?

అల్లుడు: చెయ్యనా మరి? ఫైళ్లతోని రీడ్‌మీ అని చిట్టీ పెడత, ఆకారం ఎవలు చేసిన్రు, చర్మం ఎవలు గీసిన్రు అన్నీ రాస్త. మా దాంట్లె అదొక్కటే మర్యాద. పైసలు రావు, పేరే వస్తది. ఆ చిట్టీ చింపేసి తనదన్నడు.

మామ: ఆ చిట్టీల కోటకొమ్మ ఎవరు గీసిన్రని రాసినవు?

అల్లుడు: ...

మామ: చెప్పు. గద్వాల చీరకు 2010ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంకో ఊళ్లె నేసి గద్వాల అని అమ్మొద్దని. మరి నీ గేముల నేసినవు గద?

అల్లుడు: నేను చీర అమ్ముత లేను మామా. బొమ్మను ఎవ్వరు కట్టుకోరు. అయినా కోటకొమ్మ ఎవరిదో ఒక్కరిదా? గుడి గోపురం చూసి ఎవరో ఎప్పుడో మొదలువెట్టిన్రు.

మామ: కొమ్మ ఎవరిదో కాదు. ఈ చీర మీద కొమ్మ నడుమ ఉన్న హంస, అది నేను గీసినది. మీ అమ్మకు నేనే పంపిన చీర.

ఇక్కడ అల్లుడు ఓడిపోయాడని అనుకోవచ్చు. ఓడిపోయినవాడు దారి మార్చి ఎక్కడికి పోతాడో అక్కడికే పోయాడు, పెద్దవాళ్ల దగ్గరికి.

అల్లుడు: సరే, మన జటప్రోలు సంస్థానం సంగతి చెప్పు. దాన్ని ఏలిన సురభి మాధవరాయలు చంద్రికాపరిణయం రాసిండు. దాన్ని ఏమంటరు? పిల్ల వసుచరిత్ర. రామరాజభూషణుడు వసుచరిత్రల ఒక ఎముకల గూడు కట్టి పెట్టిండు, శ్లేషలు, వర్ణనలు, ప్రబంధం నడక. ఆ గూడుకు ఈయన తన కథ తొడిగిండు. మా తెలుగు సారు అట్లాంటివి ఇంకా ఎన్నో ఉన్నయని చెప్పిండు, వాటిల్ల మేలైనది మనదేనట. రాజు చేస్తే ప్రబంధం, నేను చేస్తే దొంగతనమా?

మామ: రాజు రామరాజభూషణుని పద్యాలు కోసి అతికించలేదు గద. నడక నేర్చుకొని తన పద్యం తాను రాసుకున్నడు. నువ్వు నడక వాళ్లది వాడుకుంటున్నవు, తోలు మా చీర నుంచి కోసుకుంటున్నవు. మాధవరాయలు చేసినదానికి ఇది తలకిందులు.

ఈ దెబ్బ గట్టిది. మామకు ప్రబంధాలు చదివే అలవాటు ఉందని అల్లుడికి తెలిసినట్టు లేదు.

అల్లుడు: మరి శ్రీశైలం డ్యాము కట్టినప్పుడు సోమశిల గుడి, జటప్రోలు గుడి రాయి రాయి ఊడదీసి పైకి తెచ్చి మళ్ల కట్టిన్రు. కింది నేల పోయింది. నేల వేరే అయినంత మాత్రాన దేవుడు వేరే అయిండా? నాదీ అంతే. నేల వాళ్లది, రాళ్లు మనవి.

మామ: ఆ గుళ్లను మునుగుతయని తెచ్చిన్రు. నీ సాయన్న ఎక్కడ మునుగుతుండు?

అల్లుడు: మునుగుతనే ఉండు మామా. మా క్లాసుల ఎంతమందికి ఆ పేరు ఎరుక? నేను చూపించినంకనే ముగ్గురు కిన్నెర పాట ఎతికి విన్నరు. పాలమూరు గేము చెయ్యనీకి కోట్లు పెట్టేటోడు వచ్చేదాక కూసోవాల్నా? ఉన్న ఆటల ఒక్క మనిషిని నిలబెడితే చూస్తరు.

మామ: చూస్తరు. ఆ ఇంటి యజమాని లేపి పొమ్మంటే?

అల్లుడు: అంటనే ఉంటరు. ఆ గేము కంపెనీ టేక్-టూ, 2017 జూన్‌ల ఓపెన్ ఐవీ అనే పనిముట్టును ఆపమని నోటీసు ఇచ్చింది. ఆడేటోళ్లంత ఎదురు తిరిగితే ఎనుకకు తగ్గింది. 2021ల మళ్ల ఎన్నో మోడ్‌లు తీసేయించింది. వాళ్ల ఇష్టం. అయితే అందరు అట్ల ఉండరు. హాఫ్-లైఫ్ అనే గేముకు ఇద్దరు పోరగాళ్లు 1999ల మోడ్ చేసిన్రు, పేరు కౌంటర్-స్ట్రైక్. బొమ్మలు చేసింది మిన్ లీ అనేటోడు. హాఫ్-లైఫ్ చేసిన వాల్వ్ కంపెనీయే 2000ల దాన్ని కొన్నది, ఆయనకు నౌకరి గూడ ఇచ్చింది. నేనూ ఇదే పట్టుకొని పని ఎతుక్కుంట. బెంగళూరుల ధ్రువ ఇంటరాక్టివ్ అని 1997ల మొదలైంది, విదేశీ గేములకు బొమ్మలు, చర్మాలు చేసిచ్చేటోళ్లు. 2019ల దాన్ని ఈ శాన్ ఆండ్రియాస్ చేసిన రాక్‌స్టారే కొన్నది.

మామ: అంటే ఇప్పుడు ఉత్తగ చేస్తున్న పనే ఆడ జీతానికి చేస్తవు. వాళ్ల ఎముకలు, నువ్వు గీసిన తోలు.

అల్లుడు: నువ్వు చేసేది ఏంది మరి? షావుకారు చెప్పిన డిజైను, వాళ్లు అడిగిన రంగు. చీర మీద నీ పేరు ఉందా?

మామ చాలాసేపు మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఆయన దగ్గర లేదు. నా దగ్గరా లేదు.

మామ: లేదు. అందుకే అడిగిన, నీ చిట్టీలనన్న ఉంటదేమో అని.

అల్లుడు: రాస్త. హంస గీసినోడు మా మామ, గద్వాల అని రాస్త.

మామ: నేసినోళ్ల పేరు గూడ. మీ అమ్మ చీర ఎవరు నేసిన్రో నాకు ఎరుకే, చెప్త. పేరు రాయొచ్చా అని ముందు ఆ ఇంటోళ్లను అడుగుత. ఇగ మా నాయిన మొఖం తీసెయ్.

అల్లుడు: తీయ మామా. పేర్ల మాట ఒప్పుకున్న గద, ఇది ఒప్పుకోను. సాయన్నకు ఎవరి మొఖమో ఒకటి ఉండాలె. దొరల బియ్యం తెచ్చి పంచినోనికి నేతగాని మొఖం ఉంటే తప్పేముంది?

మామ: మొఖం ఉంటే సాలదు, నడక ఉండాలె. ఆ ఫైలు ముట్టలే అన్నవు గద, ముట్టనీకి వస్తదా?

అల్లుడు: వస్తది. కష్టం. ఒక్క అడుగు చక్రంల తొడ ఎంత వంగాలె, మడమ ఎప్పుడు లేవాలె, తల ఎంత ముందుకు, అన్నీ ఒక్కొక్క ఫ్రేముకు పెట్టాలె. తాత నడిచిన వీడియో లేదు. దేన్ని చూసి పెట్టాలె?

మామ: నేను నడుస్త. అచ్చం ఆయన లెక్కనే నడుస్తనని మీ అమ్మమ్మ తిడుతుండె. పక్కనుంచి తీస్కో, ఎదురుగ తీస్కో. ముక్కు గూడ పక్కనుంచి చూసి సరిచెయ్. ఆ దోతి కుచ్చిళ్లకు గూడ ఎముకలు పెట్టరాదు?

అల్లుడు: పెడితే వాటిని కదిలించే లెక్క ఆ ఫైలుల లేదు. కట్టెలెక్క నిలబడుతయి. వాటికి గూడ నేనే లెక్క రాయాలె. నడకకు వేరే, పరుగుకు వేరే, మెట్లెక్కుడుకు వేరే. గేము వాటిని ఒప్పుకుంటదా లేదా అనేది పెట్టి చూస్తెనే తెలుస్తది.

మామ: అయితే గోచినే ఉండనీ. నడక ముందు చెయ్. నడక అయ్యేదాక ఆ మొఖాన్ని ఎవ్వరికి పంపకు.

అల్లుడు: సరే. అయినంక పంపుత.

మామ: తుపాకి లేకుండ.

అల్లుడు: తుపాకి లేకుంటే సాయన్నెట్ల? సరే, కట్టె పెడత. గని తుపాకి స్థానంల కట్టె పెడితే దాన్ని భుజానికి ఆనించి గురి చూస్తడు మామా, మందు పేలుతది.

మామ: ఆ గేముల ఉత్త కర్ర ఏదీ లేదా?

అల్లుడు: ఉంది. బిలియర్డ్స్ ఆడే కర్ర. దాని స్థానంల పెడితే కొట్టుడే ఉంటది, కాల్చుడు ఉండదు.

మామ: అదే పెట్టు. దాని మీద 256 గళ్లు వేస్ట్ చెయ్యకు, 32 చాలు. ఫోను చార్జింగ్ ఉందా?